భట్టీ గోడ మీద బిళ్ళ

మూడు వారాలుగా నా ఊపిరిలో ఎల్లిగడ్డ వాసన.
తిన్నది కాదు.
టెల్లూరియం పొడి రవ్వంత ఒంట్లోకి పోతే అట్లే వస్తది,
బ్రష్షుకు పోదు, సోంపుకు పోదు.
సిటీ బస్సులో పక్కనామె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటే
కిటికీ వైపు తిరిగి కూర్చోవడం నేర్చుకున్నాను.

మా పని చెప్తే తేలిక.
ఒక ముఖం కాలుతూ, ఒక ముఖం చల్లగా ఉండే బిళ్ళ కావాలి,
ఆ తేడాలోంచి కరెంటు పుట్టాలి.
చిక్కేమిటంటే, కరెంటును పోనిచ్చేది వేడినీ పోనిస్తది.
రాగిని చూడు, రెంటికీ తలుపులు బార్లా తెరుస్తది.
గాజును చూడు, రెంటికీ గడియ పెడుతది.
మాకు కావలసింది
ఒకరిని లోపలికి రమ్మని
ఇంకొకరిని గడప బయటే కూర్చోబెట్టే
పెడసరపు మనిషి లాంటి వస్తువు.

బుచ్చిలింగానికి ఈ సంగతి పత్తర్‌గట్టీలో అర్థమైంది.
పండక్కి ముందు సాయంత్రం, దుకాణాల నడుమ
అతని లూనా సందుల్లోంచి జారిపోతుంటే
పెళ్ళి బీరువా మోస్తున్న ట్రాలీ ఆటో
రెండు గంటలు కదల్లేదట.
"మేడమ్, ఎలక్ట్రాను లూనా. వేడి ట్రాలీ.
మనం సందులు చేద్దాం."

చేశాం.
నున్నటి స్ఫటికాన్ని మరలో వేసి
పిండికన్నా సన్నంగా నూరాం,
మళ్ళీ అచ్చులో పోసి మంటతో, బరువుతో అతికించాం.
లోపల వేల వేల గోడలు, మలుపులు,
అక్కడక్కడ చిటికెడు సెలీనియం,
వేరేవాళ్ళ సీట్లో కూర్చున్న ప్రయాణికుడిలా.
నా చదువంతా నలుసు లేని వస్తువు కోసం నడిచింది.
ఇప్పుడు నలుసులు తూకం వేసి కలుపుతున్నాను.

నలభై ఒకటో బిళ్ళ పగిలింది.
తర్వాతి అయిదూ అంచు విరిగాయి.
నలభై ఏడు నిలబడింది.
నోట్‌బుక్‌లో ఆ అంకె పక్కన బుచ్చిలింగం
పసుపు బొట్టు పెట్టాడు.
నేను చెరపలేదు.

దాన్ని పాచికల్లా కోసి,
ప్లస్ జాతినీ మైనస్ జాతినీ జతలు జతలుగా
రెండు పింగాణీ రేకుల మధ్య నిలబెట్టాక
ల్యాబు కొలిమి మీద బాగానే పనిచేసింది.
కొలిమి చెప్పినట్టు వింటది.
వినని మంట కావాలని
రంజాన్ పదో రోజు బార్కస్ పోయాం,
మొయిజ్ చాచా హలీం భట్టీకి.

ఇటుక, మట్టి, కడుపులో తుమ్మ కట్టెలు.
పైన డేగులో గోధుమా మాంసమూ
ఇద్దరు కుర్రాళ్ళ ఘోట్నీల కింద
ఏది ఏదో తెలియకుండా కలిసిపోతున్నాయి.
"ఈ గోడలోంచి పోయే వేడి వృథా, చాచా.
దాన్ని పట్టుకుంటాం."
ఆయన గోడను చూశాడు. నన్ను చూశాడు.
"వృథానా?
చలికాలం నా మోకాలు దీనికే ఆనిస్తా.
ఆ పిల్లి నాలుగు ఈతలు ఈ మూలనే ఈనింది.
షబ్బీర్ అంగీ ఆరేది దీని మీదే.
నీ లెక్కలో వీళ్ళెవ్వరూ లేరా బేటీ?"

లేరు.
ఆ మాట అనలేక వైర్లు విప్పుతూ కూర్చున్నాను.
హలీం ఆవిరిలో ఆ ఒక్క రాత్రి
నా ఎల్లిగడ్డ వాసనను ఎవరూ పట్టుకోలేదు.

గోడకు బిళ్ళ ఆనించి, బయటి ముఖానికి
పల్చటి రేకు, దాని మీద తడి గోనెపట్టా.
మీటరు కాసేపు సున్నా దగ్గర తచ్చాడి
మెల్లగా నడక మొదలుపెట్టింది.
జొన్నగింజంత ఎర్ర లైటు
వెలిగింది.
కుర్రాళ్ళు వంగి చూస్తుంటే
"ఘోట్నీ ఆపకుండ్రి, అడుగంటుతది!" అని చాచా కేక.

నూటికి ఆరు పాళ్ళు మాకు దక్కాయి, అదీ నా లెక్క నిజమైతే.
మిగతా తొంభై నాలుగు ఎప్పటిలాగే
మోకాలికి, అంగీకి, పిల్లికి.

సహర్ దగ్గర పడే వేళకు
గోనె ఆరిపోయి లైటు మసకబారింది.
షబ్బీర్ ఎవరూ చెప్పకుండానే
మగ్గుతో నీళ్ళు చల్లాడు. మళ్ళీ ఎర్రబడింది.
"సెల్ చార్జ్ అయితదా అక్కా?"
"ఇట్లాంటివి ఇంకో ఇరవై ఉంటే."
"ఇరవయ్యేనా," అని వాడు
చేతులు తుడుచుకుని డేగు దగ్గరికి పోయాడు.

తిరుగు దారిలో లూనా వెనక కూర్చుని
నలభై ఎనిమిదికి యాంటిమొనీ
ఎంత తగ్గించాలో వేళ్ళ మీద లెక్కపెట్టాను.